పెద్దమ్మ చేలో సముద్రం

జూన్ 11

సోలార్ పలక మీద మళ్లీ రాయి పడింది. అద్దం మధ్యలో సాలెగూడులా పగిలింది. సిరుగుప్పలో బస్సెక్కి, తెక్కలకోటలో దిగి, పెద్దమ్మ చేను దాకా ఎండలో నడిచి వెళ్లేసరికి నాకు ఒళ్లంతా కారం పూసినట్టుంది. రాయి వేసినవాడు పారిపోలేదు కూడా. మద్దిలేటి చిన్నాయన కొడుకు బాబు, గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం బాబూ, పనేం ల్యాదా?" అన్నాను.

"సముద్రం యాడన్నా కనపడతాదేమోనని చూస్తాండా అక్కా," అన్నాడు.

చెంప మీద కొట్టాను. బీడీ ఎగిరి పడింది. పాతికేళ్లవాడిని అలా కొట్టకూడదు, తెలుసు. చెయ్యి ఇంకా మండుతోంది. హాయిగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

భీమేష్ అన్న పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకు లాగాడు. పెద్దమ్మ కొడుకు, భూమి అదురు పట్టే నా పెట్టె దించిన ఈ గుంతకు కాపలా ఉన్నది వాడే. "ఎంత పని చేసినావు పాపా. చిన్నాయన సుమ్నే ఉంటాడా?" అన్నాడు.

ఊరికే ఉండకపోతే పోనీ.

జూన్ 14

పెద్దమ్మకు నేను ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదేమో అనిపించి ఈ రోజు కూర్చోబెట్టి చెప్పాను. తన రాళ్ల మడిలో గుంత తవ్వుకోమని ఇచ్చిన మనిషి. ఏమి చేస్తున్నానో తెలియాలి కదా.

"సముద్రం అడుగున భూమి కదిలితే ఆ అదురు నేల పైపొర పట్టుకొని పాక్కుంటా మన కొండ దాకా వస్తాది పెద్దమ్మా. మెత్తని చోట నిదానం, గట్టి చోట బిరబిరా. పొడుగు అలలు లోతు సంగతి చెప్తాయి, పొట్టివి పైపై సంగతి. ఏది ఎంతసేపట్లో వచ్చిందో చూసి, సముద్రం కింద ఏముండాదో బొమ్మ గీస్తాం."

"సముద్రం కింద చూడనీకి సముద్రం కాడనే తవ్వచ్చు గదా. ఈ బండల్లో యాల?"

"ఒడ్డున అలల గోల ఎక్కువ. ఈడ బండ గట్టిది, సద్దు ఉండదు. సముద్రం అడుక్కు కూడా ఇట్లాంటి పెట్టెలు దించినారు. అవీ ఇదీ కలిపి చూడాల."

భీమేష్ అన్నకు అర్థమైంది. "అంటే అమ్మా, బళ్లారి బస్సు ఎంత లేటుగా వచ్చిందో చూసి, రోడ్డు యాడ చెడిపోయిందో చెప్పినట్ల."

"అది చెప్పనీకి గుంత యాల? బస్సోణ్ణి అడిగితే సాలు," అంది పెద్దమ్మ.

ముగ్గురం నవ్వుకున్నాం. పెద్దమ్మ నమ్మలేదని మాత్రం తెలిసిపోయింది.

మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఆలోపు నడిసముద్రంలో ఒక పెద్ద భూకంపం రావాలి. అది వచ్చిన గంటలో గుంత చుట్టుపక్కల ఎవరూ అడుగు వేయకూడదు. మనిషి పక్కన నిలబడినా ఆ బరువుకు నేల ఒరుగుతుంది, పొడుగు అలలు అందులో మునిగిపోతాయి. ఈ రెండూ జరిగితే హైదరాబాదులో నా ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే అమ్మతో పాటు వరినాట్లకు పోవాలి. భూకంపం రావాలని కోరుకుంటున్నాను. నడిసముద్రంలో ఎవరూ చావరు, కాబట్టి తప్పులేదు.

జూన్ 20

భీమేష్ అన్న ఒక పని చేశాడు. చెబుతూ తనే సిగ్గుపడ్డాడు.

"ఏం చెయ్యాల పాపా. టీ అంగట్లో కూసుంటే సాలు, భీమప్పా చేపలు పడినాయా అంటాండారు. విసుగొచ్చి, ఇనుము సర్వే అప్పా, కంపెనీది, బయట చెప్పకూడదు అన్నా. అంతే. ఒక్కడూ నవ్వలే. టీకి దుడ్డు కూడా వాళ్లే ఇచ్చినారు."

నాకు నవ్వు ఆగలేదు. ఇనుము కోసం కొండలు తవ్వి మేడలు కట్టినవాళ్లను చూసిన కళ్లు ఇవి. తోరణగల్లు వైపు భూములు పోయి ఏడ్చినవాళ్లు, భూములతోనే బాగుపడినవాళ్లు, ఈ రెండు రకాల చుట్టాలూ లేని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. సముద్రం అంటే ఎవడూ నమ్మడు. ఇనుము అంటే అడగకుండానే నమ్ముతారు. గుంత, డబ్బా, మీద తాళం, లాప్‌టాప్ పట్టుకుని తిరిగే అమ్మాయి. ఇంకేం కావాలి.

నేను చెప్పలేదు. వాడు చెప్పాడు. నేను కాదనలేదు, అంతే.

జూలై 2

కొత్త పలక బిగించాం. రాయి పడలేదు. అటువైపు మేకలు కూడా తోలడం లేదు. రికార్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, చూస్తుంటే నిద్ర వస్తోంది.

జూలై 9

సిరుగుప్ప బస్టాండులో మద్దిలేటి చిన్నాయన నా కోసమే కాచుకుని ఉన్నాడు. ఇక్కడి రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. భీమేష్ అన్న తండ్రికి సొంత తమ్ముడు. ఆ భుజాలు చూస్తే ఎద్దు గుర్తొస్తుంది. బాబును కొట్టినందుకు తిడతాడనుకుని నేను ముందే మాటలు సిద్ధం చేసుకున్నాను.

"నా కొడుకును కొట్టినావు. కొట్టు, అక్కవి. దాని గురించి కాదు పాపా. నిజం చెప్పు. ఆడ ఇనుమేనా?"

బస్సు కదలబోతోంది. కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది.

"నేనేం చెప్పకూడదు చిన్నాయనా," అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూసి నిదానంగా తల ఊపాడు. "సరే. తెలిసిపాయె. మా నాయన పంచినప్పుడు ఆ బండల మడి ఎవురికీ వద్దాయె. గట్టు కూడా సరిగ్గా ఎయ్యల్యా. ఆ గుంత సగం నా జాగాలో ఉండాది. మీ పెద్దమ్మకు చెప్పు."

బస్సులో చాలాసేపు ఆలోచించాను. నేను అబద్ధం చెప్పలేదు. ప్రాజెక్టు వివరాలు బయటివాళ్లకు చెప్పకూడదని మాకు నిజంగానే నియమం ఉంది.

జూలై 23

బట్టల మీద రక్తం ఉతికినా పోలేదు. చున్నీ పారేశాను.

బ్యాటరీ మార్చడానికి వెళ్లాను. రాత్రికి రాత్రి గుంతకు ఇటువైపు సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి, అంటే గుంత చిన్నాయన వైపుకు పోయింది. భీమేష్ అన్న ఒక్కో రాయీ పెకలించి గట్టు అవతలకు విసిరేస్తున్నాడు. ఒకటి బాబు కాళ్ల దగ్గర పడింది. వాడు కట్టె తీసుకుని వచ్చి అన్న వీపు మీద వేశాడు. అన్న వెనక్కి తిరిగి గడ్డపార ఎత్తాడు. బాబు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన సద్దు నాకు వినపడింది. ఆరిన కంది కట్టె విరిచినట్టు ఉంది. వాడు గుంత మూత మీద పడి దొర్లాడు. అన్న ఇంకా తన్నుతూనే ఉన్నాడు, ముఖం మీద, కడుపులో. నోట్లోంచి రక్తం, పన్నో ఏదో వచ్చింది.

నేను "సాలన్నా" అన్నాను. వెంటనే అనలేదు.

వెంటనే ఎందుకు అనలేదంటే, నాకు సంతోషంగా ఉండింది. వాడు రాయి వేసిన రోజు నుంచీ ఉన్న మంట చల్లారినట్టయింది. తరువాత మూత మీద రక్తం తుడిచాను, పెట్టెలోకి దిగితే పాడవుతుందని.

కొట్లాట రికార్డులో పడింది. పక్కకు ఒరుగు చూపే గీతలు రెండూ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ ముక్క కత్తిరించి తీసేశాను. భూకంపం ఏదీ లేదు కాబట్టి నష్టం లేదు.

ఆగస్టు 4

పెద్దమ్మ వాళ్ల గడ్డివామి తగలబెట్టారు. పక్కనే కట్టేసిన దూడ కాలిపోయింది. తాడు తెంపుకోలేక చుట్టూ తిరిగి తిరిగి చచ్చిందట, నేల మీద గుండ్రంగా గిట్టల గీతలున్నాయి. బాబు చేతికి బదులు ఇది.

భీమేష్ అన్న భార్య రంజిత వదిన నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"నువ్వన్నా చెప్పు పాపా, అది ఇనుము కాదని. మీ అన్న చెప్తే నమ్మరు. సదువుకున్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతారు."

"ఇప్పుడు చెప్తే పెట్టెను పగలగొడతారు వదినె. మార్చి దాకా ఓర్చుకో. పెట్టె తీసుకొని నేనే పోతా. అప్పుడు అందరికీ తెలుస్తాది ఏమీ ల్యాదని."

"మార్చికి ఇంట్లో ఎవురుంటారో," అంది.

కోపం వచ్చింది నాకు. ప్రతిదానికీ ఏడుపే ఈమెకు.

ఆగస్టు 17

ఊళ్లో ప్రమాణం జరిగింది. గట్టు తగువు ఎటూ తేలకపోతే ఇక్కడ ఇలాగే తేలుస్తారు. హక్కు తనదన్నవాడు తడిబట్టలతో నెత్తిన ఆ చేని మట్టి పెట్టుకుని గట్టు వెంట నడవాలి. ఎక్కడ నడిచాడో అదే గట్టు. అబద్ధంగా నడిస్తే ఆ మట్టే మింగుతుందని నమ్మకం. ఆ నమ్మకంతోనే చాలామంది మధ్యలో ఆగిపోతారట.

చిన్నాయన కాలువలో మునిగి వచ్చాడు. ఊరంతా వచ్చింది. పెద్దమనిషి కొట్రేశప్ప మట్టి పెళ్ల చేతిలో పట్టుకుని, పెట్టేముందు నన్ను పిలిచాడు.

"పాపా, అందరి ముందర అడుగుతాండా. ఆడ అడుగున ఏమన్నా ఉండాదా? ఏమీ ల్యాకుంటే ఈ బండలకు ప్రమాణం యాల. అందరం ఇండ్లకు పోదాం."

అందరూ నా వైపు చూశారు. పెద్దమ్మ కూడా. భీమేష్ అన్న మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. చిన్నాయన ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ముఖంలో కూడా ఒక రకమైన ఆశ ఉంది. లేదు అంటే బతికిపోతాను అన్నట్టు.

"పైవాళ్లను అడిగి చెప్పాల," అన్నాను.

కొట్రేశప్ప మట్టి నెత్తిన పెట్టాడు. చిన్నాయన పాత గట్టురాయి దగ్గర మొదలుపెట్టి కొంతదూరం నేరుగా నడిచి, గుంతకు ముందున్న రేకుల షెడ్డు దగ్గర పక్కకు మళ్లుకున్నాడు. గుంతను చుట్టి తన వైపు వేసుకోబోతున్నాడని అందరికీ అర్థమైంది. భీమేష్ అన్న కట్టె తీసుకుని పరుగెత్తి ఆయన తల మీద కొట్టాడు. మట్టి చెదిరి, దాంతోపాటు రక్తం ముఖం మీదకి కారింది. ఆడవాళ్లు నోళ్లు కొట్టుకున్నారు. తల పగిలినందుకు కాదు, మట్టి పడినందుకు.

"ప్రమాణం చెడగొట్టినావు కదప్పా," అన్నాడు కొట్రేశప్ప. "ఇంక ఇది తెగదు. మేమెవరం అడ్డం రాం. మీ చావు మీరు సావండి."

అందరూ వెళ్లిపోయారు.

ఆగస్టు 18

అడిగినప్పుడు చెప్పి ఉంటే? చెప్పి ఉంటే సాయంత్రానికి పెట్టె ముక్కలయ్యేది. ఇన్నాళ్లూ మోసం చేశానని నన్నూ కొట్టేవాళ్లు. అంతే. అదే జరిగేది.

ఆగస్టు 19

అదే జరిగేది.

సెప్టెంబర్ 5

హైదరాబాదు నుంచి ప్రతిభ మేడమ్ ఫోన్ చేశారు. సముద్రం అడుగున దించిన పెట్టెలను పైకి తీయడానికి ఓడ జనవరిలో బయలుదేరుతుందట. "భూమి మీద వేసిన స్టేషన్లన్నిటిలో నీదే శుభ్రంగా ఉంది మంజుశ్రీ. ఎలా చూసుకుంటున్నావు?"

"ఊళ్లోవాళ్లు సహకరిస్తున్నారు మేడమ్," అన్నాను.

అమ్మ పక్కనే ఉంది. చేస్తున్న రొట్టె పెనం మీదే వదిలేసి నా వైపు చూసింది.

సెప్టెంబర్ 19

రికార్డు బాగా వచ్చింది.

సెప్టెంబర్ 22

భీమేష్ అన్న చచ్చిపోయాడు. పంతొమ్మిదినే. మొన్న మట్టిచేశారు. ఇప్పుడు రాస్తాను. రాయకపోతే తల పగిలేలా ఉంది.

పొద్దున్నే సిరుగుప్పలో ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పెట్టెలోని సిమ్ కార్డు నుంచి రికార్డు నేరుగా ఇందులోకే వస్తుంది. గీత ఒక్కసారి ఎగిరింది. మొదటి అదురు. నడిసముద్రం నుంచి, పెద్దది. నేను కోరుకున్న చోటే. లోపలినుంచి వచ్చే ఆ అదురు ముందు తగులుతుంది, పైపొర మీద పాకే అసలు అలలు నిదానంగా వెనక వస్తాయి. అంటే కొంచెం టైం ఉంది. వెంటనే భీమేష్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, వచ్చింది. గంటసేపు గుంత దగ్గరికి ఎవరినీ రానీయద్దు. నువ్వూ పోవద్దు."

"చిన్నాయన ట్రాక్టర్ తెచ్చినాడు పాపా. కంచె కడ్డీలు దించుతాండారు. తలకు కట్టు కట్టుకొనే వచ్చినాడు. పది మంది ఉండారు."

"గుంత కాడికా?"

"ఇంకా కాలువ వంతెన మీదనే ఉండారు. దాటితే ఆడికే."

"ఆపు అన్నా. ఎట్లైనా ఆపు. గంట సాలు. ఇన్ని నెలలు దీనికే గదా."

ఫోన్లో నాకు ట్రాక్టర్ సద్దు వినపడుతోంది. "సరే పాపా," అన్నాడు.

అలలు వచ్చాయి. ముందు పొడుగువి, సోమరిగా, గీత పైకి లేచి కిందికి దిగడానికే బోలెడు సేపు పట్టేవి. తరువాత పొట్టివి, దగ్గర దగ్గరగా. ఒకదాని వెనక ఒకటి, సముద్రం అడుగు మొత్తం వరసగా నడిచి వచ్చినట్టు. ఇంత అందమైనది నేను ఇంతవరకు చూడలేదు. ఏడ్చాను. అప్పుడే రంజిత వదిన ఫోన్ మోగింది. తీయలేదు. మళ్లీ మోగింది. తీయలేదు. సైలెంట్‌లో పెట్టి బోర్లా తిప్పాను.

అలలన్నీ అయిపోయాక తీశాను. అటువైపు మాట లేదు, అరుపు తప్ప.

వంతెన మీద అడ్డం నిలబడ్డాడట. ఒక్కడే, చేతిలో గడ్డపార. ట్రాక్టర్ ముందు చక్రం మీద ఒకటి వేశాడు. చిన్నాయన దిగి, కడ్డీతో మోకాళ్ల మీద కొట్టాడు. పడ్డాక మచ్చుకత్తి తీశాడు. మెడ మీద, భుజం మీద, మళ్లీ మెడ మీద. చుట్టూ ఊరివాళ్లున్నారు. ప్రమాణం చెడగొట్టినవాడని ఒక్కడూ అడ్డం పోలేదు. వదిన ఒక్కతే మీద పడితే ఆమెను కాలువలోకి తోశారు. నీళ్లలో నుంచే నాకు ఫోన్ చేసింది అనుకున్నాను, కాదు, గట్టుకు ఎక్కి చేసిందట. నేను చెప్తే ఆగుతాడని. ఇనుము లేదని ఫోన్లో నేను చిన్నాయనకు ఒక్క మాట చెప్తే ఆగుతాడని.

నేను వెళ్లేసరికి అన్న ఇంకా వంతెన మీదే ఉన్నాడు. తల ఒక పక్కకు మొత్తం వాలిపోయి ఉంది. పోలీసులు రాకముందు ఎవరో పంచ కప్పారు. ఈగలు పంచ మీద కూడా ఉన్నాయి.

గుంత దగ్గర ఎవరూ అడుగు పెట్టలేదు.

సెప్టెంబర్ 27

పోలీసు స్టేషన్‌లో అడిగారు, అన్నా నేనూ ఫోన్లో ఏం మాట్లాడుకున్నామని. పరికరం గురించి అన్నాను. చిన్నాయన చంపిన రోజే కత్తితో సహా వెళ్లి లొంగిపోయాడు, ఇంకా అక్కడే ఉంచారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నువ్వేం భయపడొద్దు పాపా. నీ పేరు యాడా చెప్పల్యా. కంపెనీ వాళ్లతో నీకు తంటా వస్తాది," అన్నాడు.

నేను ఆపమన్నాను. కొట్టమనలేదు. వంతెన మీదికి పొమ్మనలేదు. వాడు పెద్దవాడు, నా మాట వినాల్సిన పనిలేదు.

పనిలేదు, కానీ ఎప్పుడూ వినేవాడు.

అక్టోబర్ 3

మేడమ్ ఆ రికార్డు చూశారు. అద్భుతం అన్నారు. ఇంకో రెండేళ్లు పొడిగిస్తారట. ఊళ్లో గొడవలున్నాయని వింటున్నాను, పరికరం తీసుకువచ్చేయ్ అన్నారు.

అక్టోబర్ 10

పెట్టె తీసుకురావడానికి వెళ్లాను. దినాలు అయిపోయాయి. ఈసారి అందరికీ నిజం చెప్పాలనుకున్నాను. బస్సులో మాటలు కూర్చుకున్నాను.

పెద్దమ్మ గుంత మూత మీద కూర్చుని ఉంది. ఒళ్లో భీమేష్ అన్న గడ్డపార. అన్న పోయినప్పటి నుంచీ తిండి కూడా అక్కడికే తెప్పించుకుంటోందని వదిన చెప్పింది. నేను వచ్చానని తెలిసి జనం చేరారు. గట్టు అవతల చిన్నాయన వైపు వాళ్లు. బాబు కూడా ఉన్నాడు, మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి, ముందు పళ్లు లేవు.

పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. అందరికీ వినపడేలాగే చెప్పాను.

"పెద్దమ్మా, ఈడ ఇనుము ల్యాదు. ఎప్పుడూ ల్యాదు. ఇది సముద్రం గురించే. నీకు ముందరే చెప్పినా గదా. అన్న ఊరికే అన్న మాట అది. నేను కాదని చెప్పల్యా. నాది తప్పు. పెట్టె తీసుకొని పోతా, లెయ్యి."

గట్టు అవతల ఎవరో నవ్వారు. "ఇప్పుడు సముద్రం అంటాంది. అంతా బయటపడిందని కంపెనీ వాళ్లు నేర్పించినారు," అన్నాడొకడు. కొట్రేశప్ప కూడా తల అడ్డంగా ఊపి, "మాకెందుకులే తల్లీ, దాచుకో," అన్నాడు.

పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. కోపం లేదు ఆమెకు. నాకు అర్థం కానిది నిదానంగా నేర్పిస్తున్నట్టు అడిగింది.

"ఇనుము ల్యాకుంటే నా కొడుకును యాల సంపుతారు మే?"

రంజిత వదిన నా వెనకే నిలబడి ఉంది. చెప్పు అంటుందనుకున్నాను.

"చెప్పు," అంది పెద్దమ్మే. "రాళ్ల కోసరం సంపినారా? ఉత్త రాళ్ల కోసరమా వాడు పోయింది?"

ఆమె ఇంకా నా గడ్డం వదల్లేదు. ఇన్నాళ్లూ ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడలేదని ఎన్నిసార్లు రాసుకున్నానో. లేదు అని ఇప్పుడే చెప్పాను, అది నిజం, ఇంకోసారి చెబితే చాలు. నాకు చేతకాలేదు.

"ఉండాది పెద్దమ్మా," అన్నాను. "శానా ఉండాది."

ఆమె నా గడ్డం వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. నేను ఆమె భుజం మీద నుంచి చూశాను. గట్టు అవతల నవ్వు ఆగిపోయింది. బాబు మంచి చేత్తో పక్కవాడి చేతిలో కట్టె తీసుకున్నాడు. ఆ చివరన ఉన్నవాళ్లు వినపడక ఏమంది ఏమంది అని అడుగుతున్నారు, ముందున్నవాళ్లు వాళ్లకు చెబుతున్నారు.